నుదురు చెప్పే మాట

ఇంటి కప్పు మీంచి పడి వెన్ను విరిగాక వడ్రంగి మేస్త్రీకి రొమ్ము కింద ఏదీ తెలియదు. మూత్రం నిండితే నుదురు చెమర్చి, తల పగిలిపోతుంది. ఆలస్యమైతే రక్తపోటు పెరిగి ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. అందుకే ఆ చెమట చూడగానే భార్య చేతిలో పని వదిలేసి, మూత్రం తీసే గొట్టం తెచ్చి తలుపేస్తుంది. "నాకంటే నా నుదురే నయం, దానికి సిగ్గులేదు" అంటాడతను.

ఆమె బజారుకెళ్లినప్పుడు చెల్లెలు చూడవచ్చింది. మాటల మధ్యలో అతని నుదురు తడిసింది. "ఉక్కగా ఉందా అన్నయ్యా?" అందామె. తను ఎత్తుకుని పెంచిన పిల్ల. గొట్టాలున్న అలమర వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఉక్కేనమ్మా" అన్నాడు. ఆమె ఫ్యాను వేసి, కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. భార్య తిరిగొచ్చేసరికి అతనికి మాట పడిపోయింది. చెల్లెలింకా తుడుస్తూనే ఉంది. "ఎంత తుడిచినా ఈ చెమట ఆరట్లేదొదినా" అంది.