చూరెక్కిన తిప్పతీగ

పోయిన నెల మా ప్రహరీ మీద అల్లుకున్న తిప్పతీగను కోస్తుంటే, ఆ పచ్చి చేదు వాసనకు ఆత్మకూరులోని మా పెంకుటిల్లు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ టీచర్ ట్రైనింగుకు నెల్లూరు పోతూ, ఏడుస్తున్న నాకు గోడవారన మొలిచిన తిప్పతీగను చూపించి, "ఇది చూరెక్కేలోపల వచ్చేస్తా పాపా" అంది. అది తొందరగా ఎక్కాలని నేను రోజూ చెంబుతో నీళ్లు పోశాను.

"ఏంది పాపా, మల్లెచెట్టు ఎండిపోతా ఉంటే కలుపుకు పోస్తా ఉండావు?" అని అవ్వ నవ్వేది.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి, పాములు చేరతాయని అవ్వ పెరట్లో కలుపంతా పీకేసింది. కుప్పలో నా తీగ కూడా ఉంది.

"ఇంక అమ్మ రాదు" అని బావురుమన్నాను.

సంగతంతా విని, అవ్వ ఆ తీగను కుప్పలోంచి లాగి చూరు మీదికి విసిరింది. "ఇదో, ఎక్కినాది. వస్తాదిలే మీ అమ్మ, ఊరుకో."

వేరు పోయినా తిప్పతీగ చావదు. చూరు నుంచి దారాల్లాంటి ఊడలు దించింది. అవి నేలను తాకకముందే అమ్మ వచ్చింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పోయిన నెల కోసిన ఆ తీగలో మూరెడు ముక్కను డాబా పిట్టగోడ మీదికి విసిరాను. ఊడలు దిగాయేమోనని రోజూ చూస్తున్నాను.