హాంకాంగ్‌లో వేయని సున్నం

“ఏసినానత్తా. రెండు పూతలు ఏసినాను” అనేశాను. అడిగిన క్షణంలోనే, తడుముకోకుండా. ఆ మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అందరితో నవ్వుతూ కబుర్లు చెబుతుంటానా, ఉన్నట్టుండి గొంతులో సున్నం పడ్డట్టు మంట. ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

మాది కలకత్తా, ఏక్‌బాల్‌పూర్. నాన్న రేవులో కూలీ. జన్మంతా ఓడలకి మూటలెక్కించాడు గానీ ప్రయాణానికి ఒక్క ఓడా ఎక్కలేదు. నేనెక్కాను! అదే ఊళ్లో సాల్ట్ లేక్‌లో ఒక ముసలి బెంగాలీ ఆవిడకి ఆయాగా ఉండేదాన్ని. మాసీమా అని, అంటే పిన్నీ అని పిలిచేదాన్ని. వాళ్లబ్బాయి మా ఇద్దరికీ షికారు ఓడ టికెట్లు కొన్నాడు. సింగపూర్‌లో ఎక్కి హాంకాంగ్ దాకా, మళ్లీ వెనక్కి. టికెట్ మీద నా పేరు! ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గిందని నీ దగ్గర నటించను.

బయల్దేరే ముందు కరుణమ్మత్త వచ్చింది. మా చర్చిలో అందరికీ అత్తే. ఆమె భర్త సరుకుల ఓడలో ఖలాసీ. జబ్బుచేసి హాంకాంగ్‌లో పోతే అక్కడే పాతిపెట్టారు. ఏటా సమాధుల పండగకి మావాళ్లందరూ తమవాళ్ల సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అత్త మాత్రం పరాయి సమాధుల మధ్య ఉత్తచేతులతో నిలబడేది. నా చేతిలో సున్నం పొట్లం పెట్టి, శ్మశానం పేరు నాచేత పదేపదే పలికించింది.

హాంకాంగ్‌లో దిగాక మాసీమా నాకు సాయంత్రం దాకా సెలవిచ్చింది. శ్మశానం అవతలి ఒడ్డున. ఫెర్రీ ఎదురుగానే ఉంది. అప్పుడే ఫోటోలు తీసేవాడొకడు “మేడమ్” అన్నాడు. నన్ను! అద్దాల మేడలు వెనకాల, కొంగు గాల్లో, మహారాణిలా నిలబడ్డాను. ఐస్‌క్రీమ్ తిన్నాను. ఫెర్రీలు వెళ్తూనే ఉన్నాయి. భయపడ్డానా? మర్చిపోయానా? రెండూ కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి పనీ చేయని పూట అదొక్కటే, అందులో చచ్చిపోయినవాళ్ల పని కూడా చేయాలనిపించలేదు, అంతే. తిరిగి ఓడెక్కి, పొట్లం నీళ్లలోకి విసిరేశాను.

ఇంటికి రాగానే అత్త పరుగెత్తుకొచ్చింది. సున్నం గురించి అడిగాక ఆగలేదు.

“రాయి మీద పేరున్నాదేటే?”

“ఉన్నాదత్తా. మన తెలుగులోనే.”

నేను తెలుగు కూడబలుక్కుని చదువుతాను. అయినా ఆ మాటే వచ్చింది.

“ఒలే, సీనావోడికి తెలుగెలగొచ్చిందే?”

“మనోడెవడో సెక్కించుంటాడు.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయితే యాకోబే! నానేమో ఆడిని కుక్కని తిట్టినట్టు తిట్టినాను.”

యాకోబు బాబాయి అదే ఓడలో పనిచేసేవాడు. మావయ్య పోయాక ఆయన సామాన్ల పెట్టె అత్తకి తెచ్చిచ్చింది ఈయనే. పేరైనా లేకుండా పూడ్చి వచ్చాడని అత్త ఆయనతో మాటలు మానేసింది. ఆ ఆదివారం పిలిచి చేపల పులుసుతో అన్నం పెట్టింది. నన్నూ పిలిచింది. రాయీ లేదు, పేరూ లేదని ఆయనకి తెలుసు. నా వైపు ఒక్కసారి చూశాడు. తల దించుకుని తిన్నాడు.

అప్పటినుంచి వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లలా ఉన్నారు. కలిపింది నేనే కదా అని ఒక్కోసారి పొంగిపోతాను కూడా. సిగ్గుండక్కర్లేదూ నాకు? ఆవిడ మొగుడి సమాధి ఇంకా ఉత్తదే. ఉందో లేదో కూడా నాకు తెలియదు. నన్ను క్షమించమని అడగడం లేదు. చెప్పేశాను. మంట కాస్త తగ్గింది.

ఆ భోజనం మర్నాడు పొద్దున్నే, నిజం చెప్పేద్దామని అత్త ఇంటికి వెళ్లాను. “రావే, యాకోబన్న మళ్లీ ఒస్తాడు” అంటూ కత్తిపీట నా వైపు తోసింది. కూర్చుని చేపలు కోశాను.