పద్దెనిమిది వందల మడత

2014లో బర్మింగ్‌హామ్‌లో నా ఉద్యోగం డెబ్బై దాటిన ఒక యూదు ఆవిడ చేతిలో ఉండేది. ఆవిడ నా బాసు కాదు. యూనివర్సిటీలో ఆవిడకి కుర్చీ కూడా లేదు. వాళ్ల సమాజంలో చందాలు పోగుచేసి మా ల్యాబుకి ఇచ్చే కమిటీకి పెద్ద, జీతం లేని పెద్ద. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఎందుకు వస్తుందో మేం వెతికేవాళ్లం. ఆవిడ ఇద్దరు అక్కలూ దానితోనే పోయారు. అందుకని ఆవిడ అడిగితే కాదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఆ నోరు రాకుండా ఆవిడ కూడా తగిన జాగ్రత్తలు తీసుకునేది.

మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది. దాంతోపాటే వీసా. ఇంకో ఏడాది జీతానికి చందాలు వస్తే నేను ఉంటాను, లేదంటే హైదరాబాద్ ఫ్లైటు ఎక్కుతాను. "శనివారం ప్రార్థన అయ్యాక మా హాల్లో పది నిమిషాలు మాట్లాడు. నిన్ను చూస్తే ఇస్తారు, పాపం బక్కగా ఉంటావు కదా," అంది ఆవిడ.

నాకు అడగడం చేతకాదు. మా వంశంలో చందా ఇవ్వడమే తెలుసు, అదీ చాటింపు వేసి. మా తాతయ్య గుడికి ఒక ట్యూబులైటు ఇచ్చి, దాని మీద తన పేరు, నానమ్మ పేరు, ఊరు, గోత్రం అన్నీ రాయించాడు. మిగిలిన జానెడు ఖాళీలోంచే వెలుతురు వచ్చేది. అలాంటి ఇంట్లో పుట్టి నలుగురి ముందు చెయ్యి చాచాలంటే ప్రాణం చచ్చిపోయింది.

అయినా ముప్పై స్లైడ్లు తయారుచేసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసి, ప్రొజెక్టర్ ఉండదు, మైకూ ఉండదు అంది. "మాకు రేపు సబ్బాతు, పనులన్నీ మానే రోజు. కరెంటు వస్తువు వేయం, డబ్బు ముట్టుకోం, పెన్ను పట్టుకోం."

"మరి చందా ఎలా రాస్తారండీ?"

"రాయరు. మడుస్తారు."

మర్నాడు చూశాను. ప్రతి కుర్చీ ముందూ ఒక అట్ట కార్డు, దాని మీద ముందురోజే రాసిపెట్టిన పేరు. అంచున వరసగా చిన్న చిన్న రెక్కలు, ఒక్కో రెక్క మీద ఒక్కో అంకె: పద్దెనిమిది, ముప్పై ఆరు, అలా పెరుగుతూ పద్దెనిమిది వందల పౌండ్ల దాకా. ఎంత ఇస్తారో ఆ రెక్క మడిస్తే చాలు, మాట ఇచ్చినట్టే. వాళ్ల భాషలో జీవం అనే మాటకి అక్షరాల లెక్క పద్దెనిమిదట. మర్యాదకి నా పేరుతో కూడా ఒక కార్డు పెట్టారు.

నా ప్రసంగం మూడో వరస దాటి వినిపించలేదు. ఎలాగో ముగించి వచ్చి కూర్చున్నాను. తర్వాత ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నారు. నా వేళ్లకి ఒక జబ్బుంది, కాగితం దొరికితే ఊరుకోవు. బస్సు టికెట్లతో పడవలు చేస్తాయి. ఆ రోజూ వాటి పని అవి చూసుకున్నాయి.

నా ఎడమ పక్కన రిటైరైన టైలర్ తాత ఒకాయన ఉన్నాడు. ముప్పై ఆరు దగ్గర మడిచి హాయిగా కూర్చున్నవాడు వంగి నా కార్డు చూశాడు. నా మొహం చూశాడు. తన మడత విప్పి చదును చేసి, చిట్టచివరి రెక్క మడిచాడు. తర్వాత పక్కాయన చెవిలో ఏదో ఊదాడు. అది బల్ల నుంచి బల్లకి పాకింది, హాలంతా కార్డులు సవరించుకున్నారు. నా ప్రసంగం మహిమే అనుకుని నేను పొంగిపోయాను. నా కుడి పక్కన మా కమిటీ పెద్దావిడ ఏమీ ఎరగనట్టు కేకు తింటోంది.

ఆదివారం పొద్దున్నే ఫోన్. "నీ ఏడాది వచ్చేసింది." సంతోషం పట్టలేక మా ఆయన్ని కేకేశాను.

"అన్నట్టు, నీ పద్దెనిమిది వందలు ఎప్పుడిస్తావు?"

నిన్న నా వేళ్లు ఆడుకుంటూ మడిచింది నా కార్డు చిట్టచివరి రెక్కనే అని అప్పుడు వెలిగింది. "అది పొరపాటండీ. చేతులు ఊరుకోక..."

"తెలుసు. పక్కనే ఉన్నానుగా."

"మరి ఆపలేదేం?"

"శనివారం మేం ఏ పనీ చేయం కదా, డియర్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం తాపీగా, ఇవాళ ఆదివారం కాబట్టి నీ కార్డు చింపొచ్చు, చింపెయ్యనా అని అడిగింది. చింపెయ్యండి అనబోయాను. ఆ తాత మడత విప్పి చదును చేసిన వేళ్లు కళ్ల ముందు కదిలాయి. నా కార్డు చూసే ఆయన చివరి రెక్క మడిచాడు, ఇప్పుడు దాన్ని చింపితే ఆయన్ని మోసం చేసినట్టే. సిగ్గేసింది.

"వద్దు. నెలకి యాభై చొప్పున కడతాను."

వెనక నుంచి మా ఆయన అందుకున్నాడు. "ఏందే, నీ జీతం నువ్వే ఇచ్చుకుంటున్నవా?"

అవతల ఆవిడ లెక్క వేసింది. "నెలకి యాభై అంటే మూడేళ్లు. ఉద్యోగం ఒక్క ఏడాదికే ఉంది. సరే, మిగతా రెండేళ్లకి ఎవర్ని పీడించాలో చూస్తాను," అని ఫోన్ పెట్టేసింది.

పీడించింది కూడా. నా ఆఖరి యాభై బ్యాంకులోంచి వెళ్లిన నెల కూడా నేను ఆ ల్యాబులోనే ఉన్నాను.