అదనపు కొలత

ఇన్నేళ్లకైనా కోపం తగ్గిందా అని నన్నడిగేవాళ్లున్నారు. తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బళ్లు మూతబడ్డాయి. తిరిగి తెరిచేనాటికి నేను తాండూరులో బండల పాలిష్ మిషను ముందు నిలబడి ఉన్నాను. ఆ తరువాత నాకు చదువు చెప్పినవాడు లేడు. స్టేషను దగ్గర పాత కాగితాల కొట్టులో దొరికిందల్లా చదివాను. నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషుతో కుస్తీ పట్టాను. అది నా చదువు. దానికి సర్టిఫికెట్ లేదు.

ఎనభైల్లో ఆ కొట్టులోనే ఒక సైన్సు పత్రిక దొరికింది. గాలి తీసేసి, వేడి తీసేసి, వెలుతురు కూడా తీసేసి, ఇక ఏమీ లేదనుకున్న చోట రెండు నున్నటి లోహపు పలకల్ని అతి దగ్గరగా ఎదురెదురు నిలబెడితే అవి ఒకదాని వైపు ఒకటి జరుగుతాయని అందులో రాశారు. ఏమీ లేని చోట కూడా అలలు ఊరుకోవట. బయట చిన్నా పెద్దా అన్ని అలలకూ చోటుంది. పలకల సందులో మాత్రం అందులో ఇమిడే వాటికే చోటు. ఆ తేడాయే వాటిని దగ్గరికి నెడుతుంది. పొద్దంతా నున్నటి రాతి ముఖాలతో బతికేవాణ్ణి, నాకు అది చదివాక అన్నం సహించలేదు.

వ్యాసం అక్కడితో ఆగలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకో కొలత ఉండొచ్చునట. చాప చుట్టినట్టు చుట్టుకుపోయి కంటికి ఆనదట. దాన్ని అంత గట్టిగా బిగించింది కూడా ఈ ఖాళీలోని బలమే కావచ్చునట. అలాంటి కొలత నిజంగా ఉంటే, పలకల నడుమ బలం మారాలి. పెరుగుతుందా, తగ్గుతుందా? అది చెప్పే పేజీని ఎవడో మిర్చి బజ్జీలు కట్టడానికి చింపేశాడు.

ఆ పత్రిక వికారాబాద్‌లో ఒక కాలేజీ లైబ్రరీకి వస్తుందని తెలిసి ప్యాసింజరు ఎక్కాను. అద్దాల బీరువాలో కనిపించింది కూడా. తాళం ఫిజిక్సు లెక్చరర్ దగ్గర ఉంది.

"ఇక్కడి స్టూడెంటువా?" అన్నాడు.

"కాదు సార్. తాండూరు. బండల పని."

"బండల పనికి ఫిజిక్స్ ఎందుకయ్యా? బండబుర్రకు పాలిష్ పెట్టుకోడానికా?"

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఒక్క పేజీ, ఇక్కడే నిలబడి చదువుకుంటానన్నాను. కార్డు లేనిదే బీరువా తెరవనన్నాడు. తరువాత వాళ్ల వైపు కన్నుగీటి, "ఆదివారం మా సైన్సు క్లబ్బులో నువ్వు చదివిందేదో మాట్లాడు. తప్పు లేకుంటే కార్డు మీద సంతకం పెడతా. తప్పు దొరికిందా, మళ్లీ ఈ మెట్లెక్కొద్దు" అన్నాడు. వాడికది వినోదం. నాకది ఆ పేజీ.

ఇక మాట దగ్గర చిక్కొచ్చింది. పత్రికలోని 'డైమెన్షన్'కు నిఘంటువు 'పరిమాణం' అంది. మా దిక్కు ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. అందరికీ అర్థం కావాలని 'అదనపు కొలత' అన్నాను. నా కొంప ముంచింది ఆ తెలివే.

నాకు పాలిష్ పని నేర్పిన చాచాతో యార్డులో చెప్పాను.

"ఆదివారం వికారాబాద్ కాలేజీల మాట్లాడ్తున్న చాచా."

"దేని మీద?"

"అదనపు కొలత మీద."

చాచా మిషను ఆపేశాడు. "సచ్? గంత పెద్ద సార్ల ముంగటనా? శభాష్ బేటా! ఇన్నేండ్లకు ఒక్క మొగోడు దొరికిండు!"

ఫిజిక్సుకు ఈయన ఇంత సంబరపడ్డాడేమిటని మురిసిపోయాను.

ఆదివారం ముందు వరసల్లో కాలేజీ పిల్లలు. నేను మొదలుపెట్టబోతుంటే భుజాల నిండా రాతిదుమ్ముతో మా యార్డు మొత్తం వచ్చి వెనక కూర్చుంది. రెండు చిన్న బండముక్కలు తడిపి, పాలిష్ ముఖాలు కలిపి నొక్కాను. పై ముక్క పట్టుకుని ఎత్తితే కిందిది వేలాడింది. "ఇది ఆ బలం కాదు. ఇది నీళ్ల పని, గాలి పని. ఇవన్నీ తీసేశాక కూడా మిగిలే బలం గురించి చెబుతున్నాను" అన్నాను. మళ్లీ ఇంకోసారి అన్నాను. అలల సంగతి చెప్పాను. పిల్లలు వింటున్నారు. "ఇక అదనపు కొలత..." అన్నానో లేదో, చాచా లేచాడు.

"గదే! గదే మాట! గా అదనపు కొలత ఎవని జేబుల పోతున్నదో జర సార్లకు చెప్పు!"

గనిలో బండను అడిగిన సైజు కన్నా వేలెడు పెద్దగా కోస్తారు, అంచులు చెక్కడానికి. ఆ వేలెడుకు యార్డు సేటు కూలి కట్టడు. మా యార్డులో దాని పేరే అదనపు కొలత. నాకది అప్పుడు గుర్తొచ్చింది.

"గది గాదు చాచా. ఇది కంటికి కనబడని కొలత."

"మాదెవనికి కనబడ్డది? సేటుకైతే అస్సలే కనబడది!"

హాలంతా గొల్లుమంది. చాచా నవ్వలేదు. "లెక్కల రాదు గని, మా బండకైతే గా వేలెడు ఉంటది. మరి నీదున్నదా, లేదా?"

"తెల్వది చాచా. ఇంకా ఎవలకు తెల్వది. ఉంటే ఏమైతదో గా పేజీల..."

లెక్చరర్ అదే అదనుగా లేచాడు. "తెలియనిదాని మీద ఉపన్యాసం! రెండు తడి బండలు అంటుకుంటే అది శూన్యం మహిమట! అవి నీళ్లయ్యా, వట్టి నీళ్లు!"

చప్పట్లు మోగాయి.

"అది కాదనే మొదలుపెట్టాను సార్."

"నేను వినలేదు."

"అన్నడు సార్, నేనిన్న," అన్నాడు చాచా.

"నువ్వు కూలి కోసం వచ్చావు. నీ సాక్ష్యం ఎవడికి కావాలి?"

సంతకం లేని కార్డును సొరుగులో పడేశాడు. చాచా మీద నాకు అప్పుడు మండింది, ఇప్పుడూ మండుతుంది. కానీ చాచా అడిగింది ప్రశ్న. ఈ లెక్చరర్ చెవులుండి కూడా వినలేదన్నాడు.

బండముక్కల్లో ఏమీ లేదని పిల్లలకు చూపించాలనుకున్నాడో ఏమో, రెండు చేతుల్తో వాటిని పట్టుకుని ఊడలాగాడు. రాలేదు. పొట్టకు ఆనించుకుని లాగాడు. మొహం ఎర్రబడింది. ముందు వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అవి లాగితే రావు. పక్కకు జరిపితే వెన్నలా జారిపోతాయి. మా యార్డులో నిన్న చేరినవాడికి కూడా తెలుసు.

"సార్, గట్ల గాదు..." అని చాచా నోరు తెరిచాడు.

చాచా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "నడు చాచా. బండి టైమైంది."