వదులు చేయించిన పట్టగొలుసులు

నర్మెట్ట దగ్గరి ఆ తండాలో కళావతి నోటికి జడవనివాళ్లు లేరు. అంతటి మనిషీ కోడలు కల్యాణి ముందు మాత్రం మెత్తబడిపోయేది. కొడుకు ప్రేమ్‌సింగ్ చెల్పూర్‌లో కూలి పని చేస్తూ ఎప్పుడో ఓసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. కల్యాణి అత్తను యాడీ అని, అంటే అమ్మా అనే, పిలిచేది. కడుపుతో ఉందని తెలిశాక కళావతి ఆమెను పత్తి ఏరడానికి కూడా పంపలేదు.

తండాకు వచ్చే నర్సు రేణుక గర్భిణులను అంగన్‌వాడీలో కూర్చోబెట్టి బీపీ చూసేది. కాళ్లు కొంచెం వాయడం మామూలేనని, ఉన్నట్టుండి పట్టగొలుసులు బిగిసినా, ముఖం ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా ఆ రోజే దవాఖానకు రావాలని, లేకుంటే బీపీ పెరిగి ప్రాణం మీదికి వస్తుందని పదే పదే చెప్పేది. కల్యాణి ఇంటికొచ్చి అంతా అప్పజెప్పింది. కళావతి బియ్యం చెరుగుతూ వింది. చదువుకున్నవాళ్లు భయపెట్టకుండా ఏదీ చెప్పరని నవ్వేసింది.

ఎనిమిదో నెలలో గొలుసులు నిజంగానే బిగిశాయి. చర్మం మీద గాట్లు పడ్డాయి. అవి చూసి కళావతి ప్రాణం విలవిల్లాడింది. ఎలాగో విప్పి కొంగున కట్టుకుని, ఎండలో బస్సెక్కి జనగామ పోయింది. వెండిపని చేసే మహీధర్ దుకాణం ముందు కూర్చుని, ఇంకో తునక కలిపించి వదులు చేయించింది. సాయంత్రం తన చేతులతోనే కోడలికి తొడిగి, ఇక నొప్పి ఉండదంది. నర్సు చెప్పిన గండం గడిచిందనే అనుకుంది. ఆ బస్సు దవాఖాన ముందు నుంచే పోతుంది. అందులో గొలుసులు పోయాయి, పిల్ల పోలేదు. పిచ్చి ప్రేమ, ఏమని తిడతాం?

మర్నాడు కల్యాణి తల పట్టుకుని కూర్చుంది. "యాడీ, కండ్లు మసకలు గమ్ముతున్నయి" అంది. ఫిట్స్ వచ్చి పడిపోయాక గాని ఆటో దొరకలేదు. పెద్ద దవాఖానకు చేరేసరికి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు. ప్రేమ్‌సింగ్ కడసారి చూడటానికే వచ్చాడు.

పలకరించడానికి వచ్చిన రేణుక కళావతిని ఒక్క మాటా అనలేదు. గోడకు ఆనుకుని ఏడ్చింది. "ఆ ముచ్చట నీకు గూడ జెప్పకపోతినక్కా" అంది. అప్పటి నుంచి గర్భిణులను ఒంటరిగా పిలవడం మానేసింది. వెంట అత్తలూ రావాల్సిందే. కళావతికి ఇప్పుడు కోడలు లేదు. అయినా వచ్చి ముందు కూర్చుంటుంది. మధ్యలో లేచిపోయే అత్తలను చెయ్యి పట్టి కూర్చోబెడుతుంది.

పత్తి ఏరడం అయిపోయాక ఒకరోజు జనగామ పోయింది. మహీధర్ ఆమెను గుర్తుపట్టి నవ్వుతూ పలకరించాడు.

"గొలుసులు సరిపోయినయా అవ్వా?"

వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి పోదామనిపించింది కళావతికి. కొంగుతో ముఖం తుడుచుకుని, దుకాణం గట్టు మీదే కూర్చుంది.

"సరిపోయినయి నాయినా. ఇగ కడుపుతోని ఉన్న పిల్ల గొలుసులు బిగిసినయని ఎవరన్న తెస్తే, నువ్వు చెయ్యకు. ముందుగాల ఆ పిల్లను దవాఖానకు తోల్కపొమ్మను. నా కోడలు జెప్పింది, నేనే ఇనలే."