పండగ రోజు మారిన బేస్‌లైన్

మా రొయ్యల ఫ్యాక్టరీలో స్విచ్ అంటే లైటు వేసేది కాదు. ఇనప అల్మరాలో కూర్చున్న పెద్ద పెట్టె. కోల్డ్ రూముల వేడి చెప్పే మీటర్లు, గేటు కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు, అన్నిటి సమాచారం దాని గుండానే పోతుంది. అది మూగబోతే లోపల సరుకు మెత్తబడుతున్నా బయట ఎవరికీ తెలియదు. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఇనప కిటికీలనే తినేస్తుంది, దాని ఫ్యాన్లను ఊరికే వదులుతుందా? అందుకే ప్రతి సోమవారం దాని ఆరోగ్యం చూడడం నా పని. ఫ్యాన్లు తిరుగుతున్నాయా, లోపల వేడెంత, దానికి కరెంటు అందించే రెండు పవర్ సప్లైలూ బతికే ఉన్నాయా, సెట్టింగులు ఎవరైనా కదిపారా, అన్నీ బేస్‌లైన్‌తో పోల్చాలి. యంత్రం నిక్షేపంగా ఉన్న రోజు దాని లెక్కలన్నీ తీసి దాచుకున్న నమూనాయే బేస్‌లైన్. దానితో సరిపోతే తెర మీద పచ్చరంగు, తేడా వస్తే ఎరుపు.

ఇదంతా నాకు నేర్పింది మా సీనియర్. నేను అన్నా అనేదాన్ని, ఆయన పాపా అనేవాడు. చేరిన కొత్తలోనే చెప్పాడు: "తేడా వస్తే మిషన్ని బాగు చెయ్యాల పాపా, బేస్‌లైన్‌ని ముట్టుకోబాక. మార్చక తప్పకపోతే ఇద్దరం పక్కపక్కన నిలబడి మార్చాల." ఒకసారి స్విచ్‌లో కొత్త కార్డు బిగించి బేస్‌లైన్ మార్చాల్సి వచ్చినప్పుడు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. నేను కోలుకుని వచ్చేదాకా ఆగాడు గానీ ఒక్కడే మార్చలేదు. ఆయన మాట నాకు వేదవాక్కు. బైబిలు చదివే ఇంట్లో పుట్టి ఈ మాట అనకూడదేమో, కానీ అలాగే ఉండేది.

మా ఇద్దరికీ ఇంకో ఒప్పందం ఉండేది. ఉగాదికీ వినాయక చవితికీ నేను డ్యూటీలో ఉంటాను, క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ ఆయన ఉంటాడు. పండగ మర్నాడు అమ్మ ఆయన కోసం కజ్జికాయలు విడిగా డబ్బాలో కట్టి పంపేది.

పోయిన క్రిస్మస్‌కి ఆయనే నన్ను తరిమాడు. "పొయ్యి పండగ చేసుకో పాపా, నేనుండా గదా." ఆ రోజు ఇందుకూరుపేటలో మా ఇంటికి మేనేజర్ గారు కుటుంబంతో సహా వచ్చారు. ఆరాధన ముగించుకుని వచ్చి నేనే వాళ్లకు బిర్యానీ వడ్డించాను. మధ్యలో అన్న ఫోన్ చేసి ముందు అమ్మకివ్వమన్నాడు. "హ్యాపీ క్రిస్మస్ అమ్మా" అన్నాడు. అమ్మ మురిసిపోయి, "నీ డబ్బా తీసి పెట్టినా నాయనా" అంది. తరవాత నాతో, "అంతా పచ్చగా ఉండాది పాపా, దిగులు పడబాక" అన్నాడు.

సంవత్సరం మారగానే ఆయనకు చెన్నై వైపు పెద్ద ఉద్యోగం వచ్చింది. నాకు బాధ్యతలు అప్పగించిన రోజు రిపోర్టులో ఒక్క ఎరుపు గీత లేదు. మేనేజర్ గారు శాలువా కప్పి పొగిడారు. నేను ఏడ్చాను. ఆ కన్నీళ్లు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం స్విచ్‌కున్న రెండు పవర్ సప్లైల్లో ఒకటి కాలిపోయింది. రెండోది ఆ భారం ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. పెట్టె చచ్చిపోయింది, మీటర్లు మూగబోయాయి, ఒక కోల్డ్ రూములో సరుకు పాడైంది. అల్మరాను గోడ నుంచి జరిపి చూస్తే రెండోది ఎప్పుడో పోయి చిలుము పట్టి ఉంది. దాని లైటు గోడవైపు ఉంటుంది, మామూలుగా కంటికి కనబడదు. రిపోర్టే మా కళ్లు. ఆ రిపోర్టు సోమవారం సోమవారం నాకు పచ్చరంగే చూపించింది, ఎందుకంటే బేస్‌లైన్‌లోనే ఎవరో ఒక్క పవర్ సప్లై చాలని మార్చేశారు.

మేనేజర్ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నకు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అన్న నిజం చెబుతాడు కదా.

"నేను మానేసి వచ్చేటప్పుడు రెండూ బాగుండాయి సార్. పాప తెలీక మార్చేసుంటది. చిన్నపిల్ల, ఉద్యోగం తీసెయ్యబాకండి సార్."

నేరం నా నెత్తిన వేసి, మళ్లీ నా తరఫున బతిమాలాడు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మా ఇద్దరికీ లాగిన్ ఒకటే. నేను కాదని ఎలా చెప్పను? ఉద్యోగం పోయినట్టే అనుకుని బస్సు చార్జీలతో సహా రేపటి సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాను.

మేనేజర్ గారే బేస్‌లైన్ మార్చిన తేదీ తీయించారు. క్రిస్మస్. మధ్యాహ్నం, ఫోన్ రావడానికి కాస్త ముందు. ఆయన తెర మీద టైము చూసి, "ఆ టయానికి నువ్వు మాకు బిర్యానీ పెడతా ఉండావు గదమ్మా" అన్నారు. నా ఉద్యోగం అలా నిలిచింది. ఆ తరవాత అన్న ఫోన్ ఎత్తలేదు.

పవర్ సప్లై పోయిందని నాతో ఒక్క మాట అని ఉంటే ఇద్దరం కలిసి వెళ్లి చెప్పేవాళ్లం. కొత్తది వచ్చేదాకా నాలుగు చీవాట్లు తినేవాళ్లం. అది ఆయనకు నచ్చలేదు, మచ్చ లేకుండా వెళ్లాలనుకున్నాడు. కంచే చేను మేసింది. క్షమించమంటారు మా పాస్టరు గారు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను, కోపం మాత్రం అలాగే ఉంది.

అమ్మకు ఏమీ చెప్పలేదు. ఈ డిసెంబరులో పిండివంటలు చేస్తూ అలవాటు కొద్దీ ఆయన డబ్బా విడిగా కట్టింది. చెన్నై బస్సుకిచ్చి పంపమంది.

"ఆయనకొద్దులేమ్మా."

"ఏం మే, షుగరు గానీ వచ్చిందా?"

"కాదమ్మా. పోయిన పండక్కి నీతో ఫోన్లో మాట్లాడినాడే, అది నన్ను ముంచేసినాక చేసిన ఫోను." అని జరిగిందంతా చెప్పాను.

అమ్మ డబ్బా మూట విప్పి, కజ్జికాయలు ఒక్కొక్కటే తీసి మా పళ్లెంలోకి మార్చింది.

"నాయనా అన్నానే వాణ్ణి" అంది.