రెండు గుమ్మడికాయల గాలిమర

మొన్న ఆదివారం మా ఆయన్నీ, మా అమ్మాయినీ వెంటబెట్టుకుని కొండమీది సైన్స్ మ్యూజియంకి వెళ్ళాను. లోపల అడుగు పెట్టామో లేదో, మా అమ్మాయి వంకర అద్దాల గది వైపు పరుగెత్తింది. మా ఆయన క్యాంటీన్ ఎక్కడని అడిగాడు. నేను మాత్రం వెనక వాకిట్లో ఉన్న గాలిమర దగ్గరికి నడిచాను. సముద్రం మీంచి గాలి బాగానే వీస్తోంది. ఇనప చట్రం మీద రెక్కల చక్రం తిరుగుతోంది, దానికింద పంపు కడ్డీ పైకీ కిందికీ ఆడుతోంది, గొట్టంలోంచి నీళ్ళు దగ్గుతూ దగ్గుతూ తొట్టిలో పడుతున్నాయి. ఆ కడ్డీ ఆడే చెక్క గాడి పక్కన నిలబడగానే గుప్పున ఆముదం వాసన వేసింది. ఎండకి వేడెక్కిన ఇనుమూ ఆముదమూ కలిసిన వాసన. "గాడికి గ్రీజు పుయ్యకు రత్నం, ఆముదం పుయ్యి" అని జులేఖా మేడమ్ నా భుజం వెనక నుంచి కసిరినట్టే అనిపించింది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆ గాలిమర కింద ఫోటోలు దిగేవాళ్ళలో ఒక్కరికీ ఆవిడెవరో తెలియదు. అది నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది చేపలు పట్టే కుటుంబం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బజార్లో చేపల గంప ముందు కూర్చునే నన్ను డిగ్రీ దాకా చదివించింది. మా వీధిలో సైన్సు చదివిన మొదటి ఆడపిల్లని నేనే. చదివినన్నాళ్ళూ అందరూ మెచ్చుకున్నారు. చదువయిపోయాక దాన్నేం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు, నాతో సహా. ద్వారకా నగర్లో కోచింగ్ సెంటర్ల మెట్లన్నీ ఎక్కి దిగుతున్న రోజుల్లో, మ్యూజియంలో వచ్చినవాళ్ళకి వివరించి చెప్పడానికి మనుషులు కావాలని ఎవరో అన్నారు. మరునాడే వెళ్ళాను.

జులేఖా మేడమ్ అప్పటికి ఆ మ్యూజియం అధికారి. అధికారి అంటే ఏసీ గదీ, బల్లా ఊహించుకుని వెళ్ళాను. ఆవిడ వర్క్‌షాపులో నేలమీద కూర్చుని, ఒక కంటికి గడియారాలు బాగుచేసేవాళ్ళ భూతద్దం తగిలించుకుని, పిల్లలు విరగ్గొట్టిన బొమ్మ రైలు చక్రాన్ని బిగిస్తోంది. ఆ భూతద్దం వాళ్ళ నాన్నగారిది. ఆయనకి మా ఊరి పాతపట్నంలో వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆవిడ తల ఎత్తకుండానే "ఇంట్లో ఏం పని చేస్తారు?" అంది. "చేపల పనండీ" అన్నాను, గొంతు కొంచెం తగ్గించి. "అయితే గాలి గురించి నీకెవరూ చెప్పక్కర్లేదు. ఆ స్క్రూ డ్రైవర్ ఇలా ఇవ్వు" అంది. అదే నా ఇంటర్వ్యూ.

ఆవిడకి 'ముట్టుకోరాదు' అన్న బోర్డు కనబడితే ఒళ్ళు మండేది. మ్యూజియంలో ఉన్న అలాంటి బోర్డులన్నీ పీకించేసింది. దాని ఫలితం ఆవిడే అనుభవించేది. ఏ ఆదివారం సాయంత్రమైనా ఏదో ఒకటి విరిగిపోయి ఆవిడ బల్ల మీదకి చేరేది. "యా అల్లా! ఇవి పిల్లల చేతులా, సుత్తులా?" అని తిట్టుకుంటూనే బాగుచేసేది. చేసి, మళ్ళీ ఆ పిల్లల చేతికి అందే ఎత్తులోనే పెట్టించేది. నేను ఒకసారి కాస్త పైన పెడదాం మేడమ్ అంటే, "పైన పెడితే విరగదు. ఎవరికీ అర్థమూ కాదు" అంది.

మొదటి వారం నేను పుస్తకం బట్టీపట్టి అప్పజెప్పేదాన్ని. ఒకరోజు ఒక తాత మనవల్ని తీసుకొచ్చాడు. కప్పీల ముందు నిలబెట్టి బలం, భారం, ఘర్షణ అంటూ నేను దంచుతుంటే ఆయన ఆవులించాడు, పిల్లలు గోడమీద బల్లిని చూస్తున్నారు. మేడమ్ ఎప్పుడొచ్చిందో వచ్చి, "బాబాయ్, మీరేం పని చేసేవారు?" అని అడిగింది. "పోర్టులో కలాసీనమ్మా. ఇప్పుడు మానీసేను" అన్నాడాయన. "అయితే తాడు ఇలా రెండు కప్పీల్లోంచి ఎందుకు తిప్పామో మీరే చెప్పండి" అంది. ఇక చూడాలి. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, "ఇదిగోరా, ఇటు సూడండి, ఒక్క కప్పీ అయితే నీ నడుం ఇరుగుద్ది" అని మొదలుపెట్టి ఆపలేదు. మనవలు బల్లిని మరిచిపోయి తాతని చూశారు, ఆయన్ని అంతకుముందెప్పుడూ చూడనట్టు. "పద రత్నం, టీ తాగుదాం. ఇవాళ్టి మన డ్యూటీ ఆయన చేసేస్తున్నాడు" అంది మేడమ్. ఆ తర్వాత నేను పుస్తకం అప్పజెప్పలేదు.

గాలిమర ఎలమంచిలి దగ్గర ఒక కొబ్బరి తోటలో పడి ఉండేది. ఒకప్పుడు బావిలోంచి నీళ్ళు తోడినదే. కరెంటు మోటారు వచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తోట యజమాని పాత ఇనుముకి అమ్మేయబోతుంటే మేడమ్ అడ్డంపడి లారీలో తెప్పించింది. తుప్పు గోకడం, వంగిన రెక్కలు సాగదియ్యడం, పళ్ళ చక్రాలు కడగడం, అదంతా ఆవిడకి పండగ. వెదురు కర్ర ఒక కొస చెవికి ఆనించి, రెండో కొస పళ్ళ చక్రాల పెట్టెకి ఆనించి, చక్రం తిప్పమనేది. తర్వాత ఆ కర్ర నా చెవికి పెట్టేది. "వింటున్నావా? ఇంకా గొణుగుతోంది. ఏదో బాధ ఉంది దీనికి" అనేది. నాకు ఏమీ వినబడేది కాదు. వినబడినట్టు తలాడించేదాన్ని. ఆవిడ నవ్వేది.

సరిగ్గా అదే సమయంలో మా ఇంట్లో తుఫాను పట్టింది. అమ్మ మోకాళ్ళు అరిగిపోయి గంప ఎత్తలేకపోతోంది. ఒక సాయంత్రం నేను వచ్చి చెప్పులు విప్పుతుంటే తగులుకుంది.

"పొద్దస్తమానం ఒచ్చినోల్లకి కబుర్లు సెప్పడం పనేటే? నాను బజార్లో సేపలమ్ముకుంటా కబుర్లు సెప్తన్నాను. నాకెవులైనా ఉజ్జోగం ఇచ్చేరేటి?"

"అది అలాంటిది కాదే అమ్మా."

"మరెలాంటిదో నాను ఒచ్చి సూత్తాను. ఆదారం ఒత్తాను. పనిలాగ అగుపిత్తే ఉండు. నేకపోతే సోమారం నుంచి గంపెత్తుకో."

మా అమ్మ అన్న మాట అన్నట్టే చేస్తుంది. బతిమాలితే ఇంకా బిగుసుకుంటుంది. మేడమ్‌కి ఈ సంగతి చెప్పలేదు. చెప్పుకుంటే ఏడుపొస్తుందని భయం.

ఆ ఆదివారమే గాలిమర నిలబెట్టే రోజు. అమ్మ ఒంటరిగా రాలేదు. మా చిన్నాన్న, వీధిలో మగాళ్ళు, ఆడాళ్ళు, చంకల్లో పిల్లలు, సినిమాకి బయల్దేరినట్టు వచ్చేశారు. బడిపిల్లలు కూడా రెండు బస్సుల్లో దిగారు. అంతా ఉన్నారు, క్రేను మాత్రం రాలేదు. ముందురోజు వానకి వెనక వాకిట్లోకి ఎక్కే మట్టి దారి బురదైపోయి, దాని చక్రాలు కిందనే కూరుకుపోయాయి. చట్రం రెక్కలతో సహా బిగించి నేలమీద పడుకోబెట్టి ఉంది. వెల్డర్ వాయిదా వేద్దామన్నాడు. చిన్నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పడవలు లాగినోల్లం, ఇదేటి బావ, ఇదో బరువా? తాడుంటే తే" అన్నాడు. మేడమ్ ఒక్క క్షణం ఆయన్ని చూసి, తాళ్ళు తెమ్మని పురమాయించింది. చట్రం అడుగు జారకుండా బందులు వేయించి, తాళ్ళు ఎక్కడెక్కడ కట్టాలో ఆవిడా చిన్నాన్నా కలిసి చూసుకున్నారు.

అందరూ తాళ్ళ హడావిడిలో ఉండగా మా అమ్మ తన పని తాను చేసింది. కొత్త పడవ నీళ్ళలో దింపేముందు దిష్టికాయ కట్టకుండా మావాళ్ళు దాన్ని కదపరు. గాలికి కదిలేదేదైనా మా అమ్మ దృష్టిలో పడవే. ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చిన బూడిద గుమ్మడికాయకి పసుపు రాసి, బొట్లు పెట్టి, వల ముక్కలో చుట్టి, ఒక రెక్క చివర గట్టిగా కట్టేసింది. మావాళ్ళ ముడి సంగతి తెలిసిందేగా, తుఫానొచ్చినా ఊడదు.

"ఐలేసా" అంటూ మావాళ్ళు తాడు పట్టారు. చట్రం కాస్త కాస్తగా లేచి నిలబడింది. బడిపిల్లల కేకలతో కొండ మారుమోగింది. అడుగు బిగించాక, రెక్కలు తిరక్కుండా ఆపే గొలుసుని మేడమ్ వదిలింది. గాలి తగిలింది. చక్రం కొంచెం తిరిగి, గుమ్మడికాయని సగం దాకా ఎత్తి, ఇక నావల్ల కాదన్నట్టు వెనక్కి వచ్చేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వచ్చేసింది. బడిపిల్లలు పడీపడీ నవ్వారు. ఇంతలో గాలి విసురుగా కొట్టింది. కాయ ఒక్కసారి పైనుంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి చట్రం మొత్తం గజగజా వణికింది. మేడమ్ గబుక్కున గొలుసు లాగి ఆపింది.

"ఆ కాయ ఎవులు కట్టేరండీ బాబూ? కోసి పారేయండి!" అని వెల్డర్ అరిచాడు.

అమ్మ చీర కొంగు నడుముకి దోపింది. "నానే కట్టేను. దిష్టికాయ కోత్తే కీడు. కోసేరంటే నాను ఇక్కడ నిలబడను. నా గుంటని, రత్నాన్ని తీసుకుని ఎల్లిపోతాను" అంది. అంతమంది ముందు అమ్మకి ఏం చెప్పను? కాయ ఉంటే గాలిమర తిరగదు, కోస్తే నా ఉద్యోగం పోతుంది.

మేడమ్ తాపీగా వచ్చి అమ్మ పక్కన నిలబడింది. ఇద్దరూ కలిసి పైకి చూశారు.

"అక్కా, ఇంకో గుమ్మడికాయ దొరుకుతుందా?"

"ఏటికి మేడమమ్మా?"

"గంపలో చేపలన్నీ ఒకే పక్కకి సర్దితే నెత్తిమీద నిలుస్తుందా?"

"నిలవదు. ఒరిగిపోద్ది." అమ్మ మళ్ళీ పైకి చూసింది. చూస్తూ చూస్తూ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ! ఆ ఎదర రెక్కకి కూడా కట్టాల!"

"అంతే. మీరు కట్టింది కట్టినట్టే ఉండనిద్దాం. దానికో జత కావాలి."

ఇక అమ్మే పెత్తనం తీసుకుంది. మా వీధి కుర్రాణ్ణి పంపింది. వాడు తెచ్చిన కాయల్ని ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి, మూడోదాన్ని ఒప్పుకుంది. చిన్నాన్న నిచ్చెన ఎక్కి ఎదురు రెక్కకి కట్టాడు. మేడమ్ గొలుసు కాస్త వదిలి చూసి, "ఇంకా కొంచెం తేలిక" అంది. బరువు సరిపెట్టడానికి అమ్మ నిమ్మకాయలు పైకి పంపింది. "ఇంకోటి ఎట్టు! ఇంకోటి!" అని కింద నుంచి అమ్మా మేడమూ ఒకేసారి అరుస్తుంటే, చిన్నాన్న పైనుంచి "నాను దిగొచ్చేత్తన్నాను, మీరిద్దరే ఎక్కండి!" అని విసుక్కున్నాడు. చివరికి చక్రం ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. గొలుసు పూర్తిగా వదిలారు. వణుకు లేదు. రెండు గుమ్మడికాయలూ ఒకదాన్నొకటి తరుముతున్నట్టు తిరిగాయి. కాసేపటికి గొట్టం గరగరమని, ఎర్రటి తుప్పు నీళ్ళు కక్కి, ఆ తర్వాత తేటనీళ్ళు పోసింది. నేను ఏడ్చేశాను. మేడమ్ నన్ను చూడనట్టు నటించింది.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. బడిపిల్లలు ఒక్కొక్క గుంపూ వచ్చి గుమ్మడికాయలెందుకని అడగడం మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఇటు రండర్రా. నీ నెత్తి మీద గంపున్నాదనుకో..." అని పొద్దు వాలేదాకా చెప్తూనే ఉంది. చివరికి గొంతు బొంగురుపోయి, తొట్టి గట్టుమీద కూలబడి, నా చేతిలో నీళ్ళ గ్లాసు అందుకుని, "ఓలమ్మో, ఇది పనేనే" అంది. సోమవారం పొద్దున్న నేను లేచేసరికి గుమ్మంలో గంప లేదు. ఆటోలో పెట్టించుకుని తనే వెళ్ళిపోయింది. నాకు అన్నం క్యారేజీ కట్టి పెట్టింది.

మేడమ్ దగ్గర ఇంకొన్నేళ్ళు పనిచేశాను. ఆవిడే వెంటపడి నా చేత బీఎడ్ చేయించింది. ఇప్పుడు భీమునిపట్నం దగ్గర బడిలో సైన్సు చెప్తున్నాను. ఆవిడ జబ్బుపడ్డాక పాతపట్నంలో వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. బాగా చిక్కిపోయింది గానీ నాలుక పదును తగ్గలేదు. ఒకరోజు మాటల మధ్య ఆ ఆదివారం గుర్తొచ్చి, "కాయ కోసేయమని మీరెందుకు అనలేదు మేడమ్? నిమిషంలో అయిపోయేది కదా" అన్నాను.

"కోస్తే మీ అమ్మ వెళ్ళిపోయేది."

"అవుననుకోండి..."

"నిన్ను కూడా తీసుకుపోయేది కదే! మీ గంప పంచాయతీ అంతా మీ చిన్నాన్న తాళ్ళు కడుతూ నాకు చెప్పేశాడు. గాలిమరదేముంది రత్నం, అది తిరక్కపోతే ఇంకో ఆదివారం తిప్పుకుంటాం. నువ్వు వెళ్ళిపోతే నిన్నెక్కడ వెతుక్కోను?"

ఇన్నేళ్ళూ ఆవిడ ఆ రోజు గాలిమరని కాపాడిందనే నేను అనుకున్నాను. ఆ మాట విన్నాక చాలాసేపు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "చాల్లే, చెయ్యి చెమటపడుతోంది" అని విడిపించుకుంది.

నా ల్యాబులో పిల్లలు ఏదైనా విరగ్గొట్టినప్పుడు నాకూ కోపం వస్తుంది, నోటికొచ్చినట్టు తిడతాను కూడా. కానీ విరిగినదాని వైపు వెంటనే చూడను. ముందు విరగ్గొట్టిన పిల్ల మొహం చూస్తాను. ఆ పిల్ల రేపు కూడా ల్యాబుకి వస్తుందని నమ్మకం కుదిరాకే చీపురు తీసుకుని గాజు పెంకులు ఎత్తుతాను.